నన్ను అడగలేదు

పాల ట్యాంకు మూత ఎత్తి, ముక్కు లోపలికి పెట్టి వాసన చూడడం కర్ట్ ఎబ్నెట్ ఉద్యోగంలో మొదటి పని. పులుపు తగిలినా, అడవి ఉల్లి వాసన తగిలినా ఆ పాలు అతని లారీ ఎక్కవు. పదహారేళ్ళలో ఒక్కసారి కూడా మోసపోని ముక్కు అది. ఆ మంగళవారం పొద్దున ఆల్ఫాన్స్ గెర్ట్‌కెన్ పశువుల కొట్టంలో అతను ట్యాంకు మీదికి వంగాడో లేదో, వెనక నుంచి కేక పడింది.

"పాలు బాగానే ఉన్నాయి లేరా! విరిగింది మన మేనేజరు బుర్ర!"

ఆల్ఫాన్స్‌కు డెబ్బై ఆరేళ్ళు. ఒకప్పుడు ఆల్టెన్ ఊరి బేస్‌బాల్ జట్టులో మూడో బేస్ కాచినవాడు. మోకాళ్ళు పోయాయి గానీ నోరు పోలేదు. పేడ ఎత్తే పారను బ్యాటులా ఊపుతూ దగ్గరికొచ్చాడు.

"చేతిలో రెండు పరుగులున్నాయి. మిగిలింది రెండే ఇన్నింగ్స్. బంతి వేసే దిబ్బ మీద నువ్వున్నావు. అలాంటప్పుడు ఎవడైనా పిచర్‌ని మారుస్తాడా? అందులోనూ బంతి ఎవడి చేతికిచ్చాడు? పొరుగూరు బ్రష్ క్రీక్ వాడి చేతికి! వాళ్ళకి నేను నా పేడ పార కూడా ఇవ్వను. అరువు సొమ్ము బరువు చేటు అని పెద్దలు ఊరికే అన్నారా?"

కర్ట్ నమూనా సీసా పాలతో నింపి బిరడా బిగించాడు.

"నువ్వైతే ముగించేవాడివి కదరా?"

"నన్ను అడగనైనా అడగలేదు," అన్నాడు కర్ట్.

ఆదివారం సాయంత్రం నుంచి ఎవరు పలకరించినా అతను చెబుతున్నది ఆ ఒక్క మాటే. అందులో అక్షరం ముక్క అబద్ధం లేదు.

మిన్నెసోటా పాడి పల్లెల్లో ఎండాకాలపు ఆదివారానికి రెండే పనులు. పొద్దున చర్చి, మధ్యాహ్నం బేస్‌బాల్. ఆడేవాళ్ళకు జీతం లేదు, ఆడించేవాడికీ లేదు. ఊరి జట్టులో ఊరివాళ్ళే ఆడాలి. కానీ జిల్లా గెలిచి రాష్ట్ర పోటీలకు వెళ్ళే ఊరికి ఒక వెసులుబాటు ఉంది. తాను ఓడించిన ఊళ్ళ నుంచి ముగ్గురు పిచర్లను అరువు తెచ్చుకోవచ్చు. జూలైలో ఎవడి పళ్ళు రాలగొట్టాలనుకుంటారో, ఆగస్టులో వాడికే తమ టోపీ పెట్టి, భోజనం పెట్టి, బంతి చేతికిస్తారు. టోపీ మనదే, తల మాత్రం వాళ్ళది అంటారు ఆల్టెన్‌లో.

ముప్ఫై ఒక్క ఏళ్ళ తర్వాత ఆ ఏడు ఆల్టెన్ రాష్ట్ర పోటీల్లో క్వార్టర్ ఫైనల్ దాకా వెళ్ళింది. ఆదివారం నాడు కర్ట్ తన ఎడమ చేత్తో ఏడు ఇన్నింగ్స్ వేశాడు. ముప్ఫై తొమ్మిదేళ్ళ చెయ్యి అది. నాలుగు పరుగులకు రెండుగా ఆల్టెన్ ముందుంది. ఎనిమిదో ఇన్నింగ్స్‌కు మేనేజర్ నార్బ్ సాల్జర్ అతన్ని కూర్చోబెట్టి, బ్రష్ క్రీక్ నుంచి తెచ్చిన ట్రెవిస్ లుబ్బెన్‌ను దిబ్బ మీదికి పంపాడు. లుబ్బెన్ మొదటి ఇద్దరికీ వరసగా నాలుగేసి చెడ్డ బంతులు వేసి, ఊరికే బేస్‌ల మీదికి పంపించాడు. మూడోవాడు కొట్టిన బంతి కంచె దాటి మొక్కజొన్న చేలో పడింది. మూడు పరుగులు. ఆట అయిదు నాలుగుగా ముగిసింది.

బంతి కంచె దాటిన క్షణంలో కర్ట్ తన గ్లవ్ తీసి, ఆటగాళ్ళు కూర్చునే డగౌట్ గోడకేసి కొట్టాడు. అది ఊరంతా చూసింది. రెండు వందల మంది చూసిన ఆ కోపమే ఊరికి సాక్ష్యం. కర్ట్ మండిపడ్డాడంటే నార్బ్ తప్పు చేసినట్టే.

కర్ట్ తిరిగే దారి ముప్ఫై ఏడు మైళ్ళు. పదకొండు కొట్టాలు, ఆ రోజు పదకొండు పంచాయతీలు. మార్లిస్ ఫుక్స్ తన కోళ్ళకు గింజలు చల్లుతూ, "నా కోళ్ళని కూడా ఆ మనిషికి అప్పగించను. గుడ్లు పెట్టేదాన్ని లేపి, పక్కింటి పుంజుని తెచ్చి పొదిగిస్తాడు," అంది. ఇంకో చోట అన్నదమ్ములిద్దరు మాటామాటా పెరిగి, చివరికి ఒకడు బకెట్ తన్నేశాడు. ఇద్దరూ నార్బ్‌ను తిడుతున్నవాళ్ళే. ఎవరు ఎక్కువ తిట్టాలన్నదే వాళ్ళ తగువు. కర్ట్ ప్రతిచోటా తల ఊపాడు. ప్రతిచోటా అదే మాట చెప్పాడు. చెప్పినకొద్దీ కోపం తగ్గాలి. తగ్గకపోగా ప్రతి కొట్టం దగ్గరా ఇంకో పుల్ల ఎగదోసినట్టు రాజుకుంటూనే ఉంది.

ఏడో కొట్టం రే క్లోస్టర్‌ది. జట్టు సంఘానికి అతనే అధ్యక్షుడు. కర్ట్ కోసమే గేటు దగ్గర నిలబడి ఉన్నాడు.

"గురువారం ఏడింటికి, పాలు పిండడం అయ్యాక, లీజియన్ హాల్లో మీటింగ్. నార్బ్‌ని తీసేస్తున్నాం."

"ఇరవై ఆరేళ్ళ నుంచి చేస్తున్నాడు," అన్నాడు కర్ట్.

"అందుకే తీసేస్తున్నాం. ఊళ్ళో సగం మంది ఇంకా ఊగుతున్నారు. మైదానం వాడే దున్నాడు, లైట్లు వాడే కట్టాడు అంటూ నసుగుతున్నారు. నువ్వు లేచి ఒక్క ముక్క చెప్పు చాలు. 'నన్ను అడగలేదు' అని. ఇంకేం అక్కర్లేదు. వచ్చే ఏడు జట్టు నీది."

"నార్బ్ మా బావ, రే."

"తెలుసు. నువ్వు చెబితే అందుకే నమ్ముతారు."

కర్ట్ లారీ ఎక్కాడు. ఎడమచేతి చిటికెన వేలూ దాని పక్క వేలూ స్టీరింగ్ మీద ఇంకా మొద్దుబారే ఉన్నాయి.

*

అక్క రీటా ఇల్లు మైదానం వెనకే. ఆట మర్నాడు జట్టు బట్టలన్నీ ఉతికేది ఆవిడే. ఇరవై ఆరేళ్ళుగా ఆ పెరట్లో తీగ మీద పద్దెనిమిది చొక్కాలు ఆరుతుంటే ఆల్టెన్ నిన్న ఆడిందని అర్థం. ఆట జరుగుతున్నంతసేపూ స్కోరు పుస్తకం ఆవిడ ఒళ్ళోనే ఉంటుంది. మొగుడు మేనేజరైనా, తమ్ముడు పిచరైనా ఆవిడ పెన్సిల్‌కు చుట్టరికం లేదు. తప్పు చేసినవాడికి తప్పే రాస్తుంది.

కర్ట్ పెరట్లోకి వెళ్ళేసరికి తీగ మీద పదిహేడు చొక్కాలూ, ఒక ఖాళీ చోటూ ఉన్నాయి. ఈసారి ఉతుకు ఒక రోజు ఆలస్యమైంది, పద్దెనిమిదోది ఇంకా రీటా చేతుల్లోనే ఉంది. నార్బ్ వెల్డింగ్ షెడ్డు తలుపు మీద ఎవరో బ్రష్ క్రీక్ టోపీని మేకుతో దిగ్గొట్టిపోయారు. దాన్ని ఎవరూ పీకలేదు.

"ఎవరు చేశారక్కా ఈ పని?"

"నువ్వు పొద్దున్నించీ తిరిగొచ్చిన కొట్టాల్లో ఎవరో ఒకరు. నీకే తెలియాలి." రీటా తలెత్తలేదు. చొక్కా పిండుతున్న చేతులు మాత్రం ఆగాయి. "ఏం చెబుతున్నావట వాళ్ళకి?"

"ఉన్నదే చెబుతున్నా."

"ఏమని?"

"బావ నన్ను అడగలేదు అని. అడిగాడా?"

ఆవిడ లేచి లోపలికి వెళ్ళి, ఒక ఆకుపచ్చ జాకెట్ తెచ్చి అతని ఛాతీ మీదికి విసిరింది. ఎడమ చేయి అంతా తెల్లటి చెమట చారలు. ఉతకలేదు.

"ఇది ఎక్కడ ఉందిరా ఏడో ఇన్నింగ్స్ అయ్యాక?"

కర్ట్ జాకెట్‌ను చేతిలోకి తీసుకున్నాడు.

పిచర్లందరూ చేసే పనే అది. తమ జట్టు బ్యాటింగ్ చేస్తున్నంతసేపూ బంతి వేసే చెయ్యి చల్లారిపోకుండా, ఎంత ఎండలోనైనా, ఆ ఒక్క చేతికీ జాకెట్ తొడుక్కుని కూర్చుంటారు. కానీ కర్ట్‌కూ నార్బ్‌కూ మధ్య ఆ జాకెట్‌కు ఇంకో పని ఉంది. పంతొమ్మిదేళ్ళ కింద, కర్ట్ ఆడిన మొదటి ఏడు, "చెయ్యి ఎలా ఉంది?" అని నార్బ్ అందరి ముందూ అడిగాడు. "బాగుంది," అన్నాడు కర్ట్. బాగోలేదు. ఆ ఇన్నింగ్స్‌లో ఆరు పరుగులు పోయాయి. కర్ట్ నాన్న అలాంటివాడు. ఈనే ఆవు కూడా తనలాగే మూలగకుండా ఉండాలనుకునే మనిషి. నొప్పి అన్న మాట ఆ ఇంట్లో మగవాళ్ళ నోట రాలేదు. అప్పుడు నార్బ్ ఒక ఉపాయం చెప్పాడు. "నీకు నోరు రాదని తెలిసిపోయింది. జాకెట్ తొడుక్కుంటే నీకు ఇంకో ఇన్నింగ్స్ కావాలని. కొక్కేనికి తగిలిస్తే నీ పని అయిపోయిందని. నేనడగను, నువ్వు చెప్పక్కర్లేదు." పంతొమ్మిదేళ్ళలో ఈ సంగతి ఆ ఇద్దరికీ, రీటాకీ తప్ప ఇంకెవరికీ తెలియదు.

"నేను అవతలి వైపు గ్యాలరీలో కూర్చున్నా," అంది రీటా. "మీ డగౌట్ నాకు ఎదురుగుండా ఉంది. నువ్వు లోపలికొచ్చావు. జాకెట్ తీశావు. చేతిలో పట్టుకుని ఒక్క క్షణం చూశావు. కొక్కేనికి తగిలించావు. ఆయన చూశాడు. నేనూ చూశాను. ఎనిమిదో ఇన్నింగ్స్ గడిలో నీ పేరు కొట్టేశాను. ఆయన లుబ్బెన్‌ని పిలవకముందే కొట్టేశాను!"

"ఉక్కగా ఉందక్కా ఆ రోజు. ఎండ మాడ్చేస్తోంది..."

"ఆరో ఇన్నింగ్స్ అయ్యాక తొడుక్కున్నావే, అప్పుడు చలేసిందా మరి?"

కర్ట్‌కు ఒళ్ళు మండిపోయింది. "అయితే బావ చెప్పొచ్చుగా! నోరు లేదా? ఊరంతా మొహం మీద ఉమ్ముతుంటే బెల్లం కొట్టిన రాయిలా కూర్చోవడం దేనికి? వాడు జాకెట్ తీశాడు, అందుకే మార్చాను అని ఒక్క మాట అనొచ్చుగా!"

"నన్నెందుకడుగుతావు? మైదానంలోనే ఉన్నాడు. పోయి అడుగు. ఆదివారం నుంచి ఆ మనిషి ముద్ద మింగలేదు. పో." కర్ట్ గేటు దగ్గరికి వెళ్ళాక వెనక నుంచి ఇంకో కేక వచ్చింది. "ఆ జాకెట్ తీసుకుపో! ఇక నీది నువ్వే ఉతుక్కో!"

*

నార్బ్ దిబ్బ మీద ఉన్నాడు. పిచర్ కాలు పడి గోతులైన చోట తడి బంకమట్టి పోసి దిమ్మిసతో కొడుతున్నాడు. ధబ్, ధబ్, ధబ్. మళ్ళీ ఏప్రిల్ దాకా అక్కడ ఎవరూ ఆడరు. అయినా కొడుతున్నాడు. యాభై ఎనిమిదేళ్ళ మనిషి, చొక్కా వీపుకు అతుక్కుపోయి ఉంది.

ఇంట్లో అతను బావ. మైదానం గీత దాటి లోపలికొస్తే నార్బ్. అది కూడా పంతొమ్మిదేళ్ళ అలవాటే.

"నార్బ్. ఎందుకు చెప్పడం లేదు?"

ధబ్. "ఏది?"

"జాకెట్ సంగతి!"

"అది నీ జాకెట్."

"నువ్వు నన్ను అడగాల్సింది. అది రాష్ట్ర పోటీ. క్వార్టర్ ఫైనల్. ఆ ఒక్కరోజైనా నా మొహంలోకి చూసి, కర్ట్, వేస్తావా అని అడగాల్సింది!"

దిమ్మిస ఆగింది. నార్బ్ నెమ్మదైన మనిషని ఊళ్ళో పేరు. అతను దిమ్మిస తీసి దిబ్బ కిందికి విసిరేయడం కర్ట్ ఎన్నడూ చూడలేదు.

"అడిగితే ఏం చెప్పేవాడివిరా? చెప్పు! బాగుంది అనేవాడివి. పంతొమ్మిదేళ్ళ నుంచి గుడ్డముక్క చూసి నీ చెయ్యి ఎలా ఉందో నేను పోల్చుకోవాలి. పెళ్ళాం మొహం అంతగా చూడలేదు నేను, నీ జాకెట్ చూసినంత! విసుగొచ్చింది నాకు. నువ్వు మనిషివి, నోరుంది, నాలుకుంది. 'నా వల్ల కాదు' అన్న మూడు ముక్కలకి పంతొమ్మిదేళ్ళు సరిపోలేదా? పైగా గ్లవ్ తీసి గోడకేసి కొడతావా? నా వెనక? జనం చూసేట్టు?"

"కోపం ఆగలేదు."

"ఎవరి మీద?"

కర్ట్ జాకెట్‌ను ఒక చేతి నుంచి ఇంకో చేతికి మార్చుకున్నాడు.

"నేను చెబితే ఏమవుతుందో తెలుసా?" నార్బ్ గొంతు తగ్గింది గానీ, వేడి తగ్గలేదు. "మేనేజరు పిచర్ మీదికి తోసేసి తప్పుకున్నాడంటారు. తరవాత ఏ పిచరూ నాకు ఏ సైగా చెయ్యడు. అంతకన్నా తిట్లు తినడమే నయం. ఇంకో సంగతి విను. ఆ రోజు ఆరన్ కూడా చెయ్యి వేడిచేసుకుని సిద్ధంగా ఉన్నాడు. మనవాడు, మన ఊరివాడు. నేను వాణ్ణి కాదని లుబ్బెన్‌ని పంపాను. వాడి బంతి వేగం చూసి మోజుపడ్డాను. జూలైలో మనల్ని ముప్పుతిప్పలు పెట్టినవాడు కదా, వీళ్ళనీ పెడతాడనుకున్నా. అది నా తప్పు. అచ్చంగా నాది. దాన్ని నా నుంచి ఎవరూ తీసుకోనక్కర్లేదు. నువ్వు కూడా."

"మరి నన్నేం చెయ్యమంటావు?"

"ఏమీ చెయ్యమనను. జాలిపడి మాత్రం ఏదీ చెప్పకు. నీ జాలి నాకక్కర్లేదు." కిందికి దిగి దిమ్మిస తీసుకుని, దానికంటిన గడ్డి దులిపాడు. "గీత అవతలికి నడు. తడిమట్టి మీద నిలబడ్డావు."

*

గురువారం సాయంత్రం, మాజీ సైనికుల సంఘం వాళ్ళ లీజియన్ హాల్లో అరవై మందికి పైగా జనం. పాలు పిండి తిన్నగా వచ్చినవాళ్ళ బూట్ల వాసన, కాఫీ వాసన. బల్ల మీద మార్లిస్ తెచ్చిన పళ్ళెం నిండా గుమ్మడికాయ కేకు ముక్కలున్నా ఎవరూ ముట్టలేదు. ఆల్టెన్‌లో తినుబండారం మిగిలిపోయిందంటే పరిస్థితి ఎంత వేడిగా ఉందో తెలుసుకోవచ్చు. నార్బ్, రీటా చివరి వరసలో కూర్చున్నారు. వాళ్ళకు అటూ ఇటూ రెండేసి కుర్చీలు ఖాళీ.

రే క్లోస్టర్ సుత్తితో బల్ల కొట్టాడు. అంతే, కట్ట తెగింది.

"ముప్ఫై ఒక్క ఏళ్ళు ఎదురుచూశాం! మా నాన్న ఈ ఆట చూడకుండానే పోయాడు!"

"బ్రష్ క్రీక్‌లో నవ్వుతున్నారు. మీ కోసం మావాడు బాగా ఆడాడు కదా అని నా బావమరిది ఫోన్ చేసి మరీ ఏడిపించాడు!"

"మైదానం దున్నినంత మాత్రాన మైదానం రాసిచ్చేశామా?"

"నార్బ్, నువ్వేమైనా చెప్పుకుంటావా?" అని అడిగాడు రే.

నార్బ్ లేచాడు. "పిచర్‌ని మార్చింది నేను. లుబ్బెన్‌ని పంపింది నేను. అంతే." కూర్చున్నాడు.

"ఒప్పేసుకున్నాడు!" అన్నాడు ఆల్ఫాన్స్. "ఇక ఓటెందుకు, సాగనంపడమే!"

రే గొంతు సవరించుకున్నాడు. "ఓటుకు ముందు కర్ట్ ఒక మాట చెబుతాడు."

హాలు సద్దుమణిగింది. కర్ట్ లేచాడు. ఆ జాకెట్ చంకలో ఉంది. రెండు రోజులుగా దాన్ని లారీ సీటు మీద పెట్టుకునే తిరిగాడు, ఉతకలేదు. మెల్లగా దాన్ని ఎడమ చేతికి తొడుక్కున్నాడు. ఒక్క చేతికే.

"ఇదేంట్రా, చలేస్తోందా?" అని ఎవరో అన్నారు. నలుగురు నవ్వారు.

"నార్బ్ నన్ను అడగలేదు," అన్నాడు కర్ట్.

"విన్నారా!" అన్నాడు ఆల్ఫాన్స్.

"అడగక్కర్లేదు కాబట్టి అడగలేదు." కర్ట్ జాకెట్ తొడిగిన చేతిని ఎత్తి చూపించాడు. "మా ఇద్దరికీ ఒక సైగ ఉంది. నేను జాకెట్ ఇలా తొడుక్కుని కూర్చుంటే ఇంకో ఇన్నింగ్స్ వేస్తానని. కొక్కేనికి తగిలిస్తే నా వల్ల కాదని. ఆదివారం ఏడో ఇన్నింగ్స్ అయ్యాక నేను జాకెట్ తగిలించాను."

రే సుత్తి కింద పెట్టాడు.

"ఏం సైగ?" అన్నాడు రే. "ఎన్నడూ వినలేదే."

"చెబితే సైగ ఎందుకవుతుంది?"

"ఉక్కపోసి తీశావేమో," అని మార్లిస్ దారి చూపించబోయింది.

"ఉక్క కాదు. ఆ ఇన్నింగ్స్‌లో ఆఖరివాడు కొట్టిన బంతి కంచె దగ్గర దొరికింది, గుర్తుందా? ఇంకో అడుగు పోతే అవతల పడేది. అప్పటికే నాకు ఈ రెండు వేళ్ళూ తెలియడం లేదు. తరవాత బ్యాట్ పట్టేది వాళ్ళ మొదటి ముగ్గురు, గట్టిగా కొట్టేవాళ్ళు. నాకు భయం వేసింది." ఆ మాట తన నోటి నుంచి వచ్చాక కర్ట్ ఒక్క క్షణం ఆగాడు. నాన్న గోడ మీద ఫోటోల్లో, పాత జట్టు వరసలో, టోపీ కింద నుంచి చూస్తున్నాడు. "భయం వేసి తగిలించాను. తగిలించాక ప్రాణం హాయిగా ఉంది. బంతి చేలో పడ్డాక మాత్రం అందరికన్నా ముందు నేనే గ్లవ్ విసిరాను."

ఆల్ఫాన్స్ కుర్చీ పట్టుకుని పైకి లేచాడు. మొహం ఎర్రగా కందిపోయింది. "అయితే మొన్న పొద్దున నా కొట్టంలో నిలబడి, నా మొహం మీద, నన్ను అడగలేదు అన్నావే! అది అబద్ధమా?"

"నిజమే. అదే దాని దరిద్రం."

హాలంతా ఒక్కసారిగా లేచింది. ఈసారి తిట్లన్నీ ముందు వైపుకి తిరిగాయి. మా ఇంటింటికీ వచ్చి మా చేత తిట్టించావా అని ఒకడు. నీ మాట నమ్మి నేను తలుపు మీద టోపీ మేకుతో కొట్టొచ్చాను అని ఇంకొకడు. అన్నాక గానీ తను ఏం ఒప్పుకున్నాడో వాడికి తట్టలేదు. రీటా అటు తిరిగి వాణ్ణి చూసింది. వాడు కూర్చున్నాడు.

"ఆగండి!" కర్ట్ అరిచాడు. కోపం మళ్ళీ తన్నుకొచ్చింది. కాకపోతే ఈసారి అది ఎవరి మీదో అతనికి తెలుసు. "నన్ను తిట్టండి, పడతాను. లుబ్బెన్‌ని పంపినందుకు నార్బ్‌నీ తిట్టండి. నేనూ తిడతాను. ఆరన్ ఉండగా వాణ్ణి పంపడం తెలివితక్కువ పని. ఆ మాట నార్బ్ మొహం మీదే అంటున్నాను. కానీ నన్ను దించింది నార్బ్ కాదు. మీరు ఓటెయ్యాల్సింది ఆ రెండో తప్పుకే. మొదటిది నాది. రెండూ కలిపి ఒక మనిషి మెడకి కట్టకండి. తప్పుడు లెక్క రాస్తే మా అక్క ఊరుకోదు."

రే చాలాసేపు సుత్తి కొట్టాడు. చివరికి చేతులెత్తించారు. నార్బ్‌ను ఉంచాలన్నవాళ్ళు ముప్ఫై నలుగురు, తీసేయాలన్నవాళ్ళు ఇరవై తొమ్మిది మంది. ఆల్ఫాన్స్ చెయ్యి తీసేయాలన్నవాళ్ళలోనే లేచింది. "ఆరన్ నా మనవడు," అని ఎవరూ అడక్కుండానే గొణిగాడు. పోతూ పోతూ కర్ట్ దగ్గర ఆగాడు. "రేపు నా పాలు వాసన చూసే ముందు నీ నోరు వాసన చూసుకో," అన్నాడు. కేకు ముక్కలు మాత్రం పది నిమిషాల్లో అయిపోయాయి.

బయట ఇంకా వెలుగుంది. నార్బ్ మీటింగుకి తెచ్చిన కుర్చీలు మడిచి తన పికప్‌లోకి ఎక్కిస్తున్నాడు. గెలిచినా ఓడినా ఆ పని అతనిదే. కర్ట్ రెండు కుర్చీలు అందించాడు.

"నాలుగు రోజులు," అన్నాడు నార్బ్ చివరికి. "ఆదివారమే చెప్పి ఉంటే మీ అక్క నాలుగు రాత్రులు నిద్రపోయేది. అది నేను అంత తేలిగ్గా మర్చిపోను."

"మర్చిపోవద్దు."

"వచ్చే ఏడు వేస్తావా?"

కర్ట్ ఎడమచేతి వేళ్ళు ముడిచి, తెరిచి చూసుకున్నాడు. రెండు వేళ్ళు వెనకబడే తెరుచుకున్నాయి. బాగుంది అన్న మాట పాత అలవాటు కొద్దీ నాలుక చివరి దాకా వచ్చింది. దాన్ని అక్కడే ఆపాడు.

"లేదు. చెయ్యి అయిపోయింది, నార్బ్."

నార్బ్ కుర్చీ సగంలో పట్టుకుని ఆగాడు. నవ్వలేదు, భుజం తట్టలేదు. కుర్చీ లోపలికి తోసి, పికప్ వెనక తలుపు ఊరంతా వినబడేట్టు దభాలున వేశాడు.

"శనివారం పొద్దున్నే రా. దిబ్బ సగమే అయింది," అన్నాడు. "దిమ్మిస కుడిచేత్తో కొట్టు."